కడియపులంక నర్సరీలో తొలి ఇంటిమొక్క: కొనేవారి కోసం ఒక సమీక్ష

ఇంటి లోపల పెంచుకునే ఉష్ణమండలపు ఆకుమొక్కను మొట్టమొదటిసారి కొనదలచినవారికి కడియపులంకలోని నర్సరీ ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది ఈ సమీక్షకు విషయం. రావులపాలెం వైపు నుంచి గౌతమి వంతెన, జొన్నాడ దాటి 16వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చేవారికి రెండు పక్కలా వరసగా కనిపించే నర్సరీలలో, మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని ఒకదానికి నేను అమలాపురం నుంచి వెళ్ళి, వేర్వేరు కాలాల్లో కొన్ని మొక్కలు కొని, వాటిని మా ఇంటి వసారాలోను, ముందు గదిలోను, ఏసీ ఉన్న పడకగదిలోను పెంచుతున్నాను. ఆ నర్సరీ పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసినవీ, తప్పుపట్టవలసినవీ దాదాపు ఆ వరస మొత్తానికి వర్తించేవే కాబట్టి ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు. మొక్క నాణ్యత విషయంలో ఈ నర్సరీకి వంక పెట్టడానికి లేదు. మొక్కతో పాటు చేతికి రావలసిన సలహా, మట్టి, ఈ రెండింటి దగ్గరే కొత్తవారు దెబ్బతింటారు.

మొక్కలు ఇంత బాగుండడానికి కారణం ఆ నేలలోనే ఉంది. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల తూర్పు డెల్టాకు కాలువ నీరు అందింది. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు అంతకుముందే ఉంది. గాలిలో తేమకు మన ప్రాంతంలో ఏనాడూ కరువు లేదు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వంటి ఊళ్ళలో పొలాలే నర్సరీలుగా మారిన తీరు చూస్తే, ఇక్కడ కొమ్మ గుచ్చితే చిగురు వేయకపోవడమే వింతనిపిస్తుంది. ఇతర రాష్ట్రాల లారీలు వచ్చి మొక్కలు ఎక్కించుకునిపోతూ ఉంటాయి. హైదరాబాదులో అపార్ట్‌మెంటు కింద వ్యాను పెట్టుకుని అమ్మేవారి దగ్గర కొన్న మొక్క కూడా ఇక్కడిదే అయివుండే అవకాశం చాలా ఉంది. అందుచేత డెల్టాలో ఉన్నవారు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, అట్టపెట్టెలో నాలుగు రోజులు చీకట్లో మగ్గిన మొక్కను విప్పి చూసుకోవలసిన అవసరం నాకైతే కనిపించదు.

నర్సరీ ముందుభాగమంతా గులాబీలు, మందారాలు, చామంతులు, బయటి ఎండకు పెరిగే మొక్కలు. వాటిని దాటి లోపలికి వెళితే ఎండను కొంత ఆపే పచ్చటి షేడ్‌నెట్ వల కింద ఇంటిమొక్కల మళ్ళు ఉంటాయి. నల్ల కవర్లలోవి కింద నేల మీద, ప్లాస్టిక్ కుండీలలోవి ఇనుప బల్లల మీద ఉంటాయి. నేను వెళ్ళినప్పుడల్లా మళ్ళ మధ్య నడవడానికి దారి శుభ్రంగానే ఉంది, కుళ్ళిన ఆకులు ఏరివేసి ఉన్నాయి, ఎండిన మొక్కలను అమ్మకానికి కలపలేదు. పేర్ల పలకలు మాత్రం లేవు. ధర అడిగితే చెబుతారు, పేరు అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. ముఖ్యంగా పెద్ద ఆకుల్లో చిల్లులు పడే మాన్‌స్టెరాను అడిగినవారికి, ఆకు అంచులు లోతుగా చీలి ఉండే, సెల్లోమ్ ఫిలోడెండ్రాన్ అని పిలిచే మొక్కను చూపడం నేను గమనించాను. రెండూ చేమ కుటుంబానికి చెందినవే, రెండూ అందమైనవే. అయితే సెల్లోమ్ నేల మీద నాలుగు వైపులా పరచుకుని గదిలో మంచమంత చోటు ఆక్రమిస్తుంది, మాన్‌స్టెరా ఆధారం దొరికితే పైకి పాకుతుంది. చిన్న గది ఉన్నవారికి ఈ తేడా చాలా పెద్దది. మాన్‌స్టెరా లేత మొక్కలకు ఆకుల్లో చిల్లులు ఉండవు, వయసు వచ్చి వెలుతురు చాలినప్పుడే చీలికలూ చిల్లులూ పడతాయి కాబట్టి, చిల్లులు లేవని నకిలీ అనుకోనక్కర్లేదు. గుర్తుపట్టడానికి కాండాన్ని చూడడమే మేలు: మాన్‌స్టెరాకు కణుపుల దగ్గర లావుపాటి గాలివేర్లు వస్తాయి, కాండం పక్కకు వాలి పాకాలని చూస్తుంటుంది.

పనివారి మర్యాదకు పూర్తి మార్కులు వేయవచ్చు. గోదావరి జిల్లాల్లో వ్యాపారం చేసేవారికి ‘అండీ’ లేకుండా వాక్యం ముగియదు కనుక అది విశేషమేమీ కాదనుకున్నా, తొందరపెట్టకుండా నాలుగు మొక్కలు పక్కపక్కన పెట్టి చూపించడం, కవరు కింద వేళ్ళు చూస్తామంటే విసుక్కోకపోవడం నాకు నచ్చాయి. మళ్ళలో నీళ్ళు పెట్టే ఒకావిడ, నేను అగ్లోనిమా అనే ఆకుమొక్కను ఒకదాన్ని చేతిలోకి తీసుకోగానే, “అది మొన్న లారీలో దిగిందండి, ఇంకా వేరు పట్టలేదు. ఆ వెనక వరసలోది పట్టుకెళ్ళండి” అన్నారు. గల్లా దగ్గర కూర్చున్నవారి కంటే ఆవిడ ఇచ్చిన ఈ ఒక్క సలహా విలువైనది. ఈ కడియం ప్రాంతపు నర్సరీల్లో అమ్మే ఇంటిమొక్కలన్నీ అక్కడే పుట్టినవి కావు. కొన్ని పుణె, కోల్‌కతా వైపు నుంచి, కొన్ని విదేశాల నుంచి వచ్చి, ఇక్కడ కొన్నాళ్ళు కుదురుకున్నాక అమ్ముడవుతాయి. కుదురుకోకముందే మన ఇంటికి వస్తే ఆ మొక్క ఒకదాని తరువాత ఒకటిగా రెండు మార్పులను తట్టుకోవాలి. అందువల్ల ‘ఇది ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళయింది’ అని మళ్ళలో పనిచేసేవారిని అడగడం ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట. కొత్త చిగురు ఇక్కడే వేసిందా అని చూసుకున్నా సరిపోతుంది.

సలహా విషయానికి వస్తే, గల్లా దగ్గర ఏ మొక్కకైనా ఒకే మాట వినిపిస్తుంది: “నీడలో పెట్టండి, రోజూ ఓ గ్లాసు నీళ్ళు పొయ్యండి, అంతేనండి.” ఆ మాట నర్సరీకి సంబంధించినంతవరకు తప్పు కాదు. అక్కడ నీడ అంటే షేడ్‌నెట్ నీడ. ఆకాశమంతా తెరిచి ఉండి, వల గుండా సగమో పావో ఎండ దిగుతూనే ఉంటుంది. అక్కడ కవర్లు చిన్నవి, వేళ్ళు నిండుగా ఉంటాయి, గాలి అన్ని వైపుల నుంచి తగులుతుంది, కనుక పొద్దున పెట్టిన నీరు సాయంత్రానికి ఆరిపోతుంది. అదే మొక్కను తెచ్చి గది మూలన టీవీ పక్కన పెట్టి రోజూ గ్లాసు నీళ్ళు పోస్తే, వెలుతురు లేక మొక్క నీరు తాగదు, నీరు కదలక వేళ్ళకు గాలి అందదు, వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేవు కాబట్టి ఆకులు వడలిపోతాయి. వడలిపోయిన ఆకులను చూసి ఇంకా దాహంగా ఉందనుకుని మరో గ్లాసు పోస్తారు. మన ప్రాంతంలో ఇంటిమొక్కలు చచ్చిపోయే తీరు చాలావరకు ఇదే. అమ్మేవారు తమ మళ్ళలో పనికివచ్చే సలహానే మన గదులకూ ఇస్తున్నారు, కొనేవారు దాన్ని యథాతథంగా పాటిస్తున్నారు.

ఈ సందర్భంలో ఇంకో వైపు నుంచి వచ్చే సలహాల గురించి కూడా చెప్పాలి. చలిదేశాలవారు తయారుచేసిన వీడియోలు చూసి, ఆకులపై రోజూ నీళ్ళు చిలకరించడం, గులకరాళ్ళ పళ్ళెంలో నీరు పోసి కుండీని దానిపై పెట్టడం, గాలిలో తేమ పెంచే యంత్రం కొనడం మన వాళ్ళలోనూ మొదలైంది. వాళ్ళ శీతాకాలంలో గదులను వేడి చేసుకోవడం వల్ల గాలి ఎండిపోతుంది కనుక అక్కడ ఆ తంతు అవసరం. కోనసీమలో డబ్బా మూత సరిగా పెట్టకపోతే అప్పడాలు మెత్తబడిపోయే గాలికి ఇంకా తేమ కలపవలసిన పని లేదు. పైగా రాత్రంతా తడిగా ఉండే ఆకుల మీద మచ్చతెగుళ్ళు వస్తాయి. ఇక నీరు నిలిచే పళ్ళెం డెంగీ దోమకు పుట్టిల్లు. కుండీ కింద పళ్ళెంలో చేరిన నీటిని అప్పటికప్పుడు పారబోయాలి, సీసాలో పెంచే మనీప్లాంట్ నీటిని వారానికోసారి తప్పకుండా మార్చాలి. ఏసీ రాత్రంతా నడిచే గదిలో మాత్రం గాలి కొంత పొడిగా ఉంటుంది. అటువంటి గదిలోనూ నేను ప్రత్యేకంగా చేసినదేమీ లేదు, మొక్కను చల్లగాలి నేరుగా తగిలే చోటు నుంచి జరిపాను, అంతే.

నీరు పోయడానికి రోజులు లెక్కపెట్టుకోవడం కంటే మట్టిని చూసుకోవడం నయం. చూపుడువేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి పోనిచ్చి, తడి తగలకపోతే కింది రంధ్రాల నుంచి కారేదాకా పోయడం, తడి తగిలితే మానుకోవడం ఒక్కటే నియమం. మే నెలలో మా ముందు గదిలో ఉన్న కుండీ మూడు నాలుగు రోజులకే ఆరిపోతుంది; ముసురు పట్టిన రోజుల్లో అదే కుండీ పది రోజులైనా తడిగానే ఉంటుంది. నైరుతి ముగిశాక అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు కూడా ఉంటాయి కాబట్టి, మనకు ఏడాదిలో సగం కాలం నీరు తగ్గించుకోవలసిన కాలమే. కొత్తవారు కుండీని నీరు పోసిన వెంటనే ఒకసారి, ఆరిన తరువాత ఒకసారి చేత్తో ఎత్తి బరువు చూసుకుంటే, కొద్దిరోజులకు వేలు పెట్టనవసరం లేకుండానే సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు మట్టి సంగతి. ఈ నర్సరీలో నేను కొన్నవాటిలో అగ్లోనిమా, పీస్ లిల్లీ కొబ్బరి పొట్టులో పెరిగినవి, వాటితో ఇబ్బంది లేదు. మాన్‌స్టెరా, పాకే తీగ అయిన సింగోనియం మాత్రం జిగట మట్టి ముద్దలో ఉన్నాయి. లారీలో దూరం పోయినా వేరు కదలకుండా ఉండడానికి ఆ జిగట మట్టి వారికి ఎంతో ఉపయోగం. నల్ల కవరు చినిగినా ముద్ద విడిపోదు. ఇంటి కుండీలో మాత్రం అది తడిసినప్పుడు బురదగాను, ఆరినప్పుడు ఇటుకగాను మారుతుంది. బాగా ఆరి బిగుసుకున్న ముద్దకూ కుండీ గోడకూ మధ్య సందు ఏర్పడి, పోసిన నీరంతా ఆ సందు గుండా కిందికి జారిపోతుంది. పళ్ళెంలో నీళ్ళు కనిపిస్తాయి, నడిమి వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. ఆ ముద్దను అలాగే ఉంచి చుట్టూ కొత్త కొబ్బరి పొట్టు నింపితే ఫలితం ఇంకా చెడ్డది, ఎందుకంటే బయటి పొర ఆరినా లోపలి ముద్ద రోజుల తరబడి తడిగా ఉంటుంది. బకెట్టు నీటిలో ముద్దను కొంతసేపు నాననిచ్చి, బయటి వైపు మట్టిని మెల్లగా కడిగి వదిలించి, వేరును తెంపకుండా కొత్త మిశ్రమంలో నాటాలి. ఈ పని మండువేసవిలో కాకుండా వానాకాలంలోనో శీతాకాలం మొదట్లోనో చేయడం శ్రేయస్కరం.

మరి నర్సరీవారు విడిగా అమ్మే ‘రెడీ మట్టి’ సంచి? దానికి నేను ఇచ్చే మార్కులు చాలా తక్కువ. అందులో ముప్పాతిక వంతు ఎర్రమట్టి, మిగతాది చివికీ చివకని పశువుల ఎరువు. గులాబీకి, మల్లెకు ఆరుబయట అది బాగానే పనిచేయవచ్చు. గదిలో పెట్టే చేమ జాతి మొక్కకు అది బరువు. ఈ మొక్కల్లో చాలా భాగం అడవిలో చెట్ల మొదళ్ళను పట్టుకుని, ఆకుచెత్త మధ్య వేళ్ళు పాకించి బతికేవి. వాటి వేళ్ళకు నీరు ఎంత అవసరమో గాలి అంతే అవసరం. ఆ గాలి ఆడే మిశ్రమాన్ని డెల్టాలో ఉన్నవారు తేలికగా తయారుచేసుకోవచ్చు. రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కాల్చిన ఊకగానీ కొబ్బరి డొక్క ముక్కలుగానీ కలిపితే మాన్‌స్టెరా, సింగోనియం, అగ్లోనిమా, మనీప్లాంట్ అన్నిటికీ సరిపోతుంది. నీరు తక్కువ కావలసిన స్నేక్ ప్లాంట్‌కు, జెడ్ జెడ్ మొక్కకు అందులో గోదావరి ముతక ఇసుక మరో పాలు చేర్చుకోవాలి. కొబ్బరి పొట్టు దొరకని ఊరు కోనసీమలో ఉండదు. అయితే పీచు మిల్లు దగ్గర కుప్ప పోసిన పొట్టులో లవణాలు ఉంటాయి కాబట్టి, గుడ్డలో కట్టి రెండు మూడు సార్లు మంచినీటిలో కడిగి పిండాలి. పచ్చి ఊక చివికే క్రమంలో మొక్కకు అందవలసిన నత్రజనిని తాను లాక్కుంటుంది, అందుకే కాల్చినదే వాడమంటున్నాను. పర్లైట్ అనే తెల్లటి గుల్ల గుళికలు నర్సరీలో చిన్న పొట్లాలుగా ఉన్నాయి, పనికివస్తాయి, కానీ వాటి ధరకు మన దగ్గర ఊక బస్తాలు వస్తాయి.

కుండీల విభాగం చూడడానికి కన్నులపండువగా ఉంటుంది. పింగాణీ కుండీల్లో చాలావాటికి అడుగున రంధ్రం లేదు, ధర లోపల పెట్టే మొక్క కంటే ఎక్కువ. వాటిని బయటి తొడుగుగా వాడుకుని, లోపల రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో మొక్కను ఉంచితే అందమూ దక్కుతుంది, మొక్కా దక్కుతుంది. మట్టి కుండీ గోడల గుండా తేమ ఆరిపోతుంది కనుక, నీరు ఎక్కువ పోసే అలవాటున్న ఇళ్ళకు అదే మంచిది.

ఏ మొక్కతో మొదలుపెట్టాలన్నది కొత్తవారందరూ అడిగే ప్రశ్న. నర్సరీవారు సాధారణంగా ముందుకు తెచ్చేది రంగురంగుల ఆకుల కలాథియా, గులాబీ రంగు అగ్లోనిమా, ఎర్రటి ఆంథూరియం. కళ్ళకు ఇంపైనవే అయినా, తొలి మొక్కగా వీటిని నేను సిఫార్సు చేయను. ఆకులో పచ్చదనం తగ్గిన కొద్దీ మొక్కకు వెలుతురు ఎక్కువ కావాలి. కలాథియా ఆకు అంచులు నీటిలోని లవణాలకు సైతం మాడిపోతాయి, సముద్రానికి దగ్గరగా బోరు నీరు ఉప్పగా ఉండే ఊళ్ళలో దాని జోలికి పోకపోవడమే మంచిది. అగ్లోనిమాలోనే పచ్చటి ఆకుల రకం మాత్రం ఎంతో ఓర్పు గలది.

నన్నడిగితే మొదటి స్థానం మనీప్లాంట్‌దే. పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా దీవి దాని పుట్టిల్లు, మన ఊళ్ళలో చెట్లకెక్కి అరచేతి ఆకులను విస్తళ్ళంత చేసుకుని కూర్చుంది. పూల వ్యాపారానికి పేరుపడ్డ కడియంలో పూయని మొక్కను మొదట కొనమనడం విడ్డూరంగా ఉండవచ్చు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ హార్మోనును తయారుచేసే జన్యువు దానిలో సరిగా పనిచేయదని 2016లో పరిశోధకులు తేల్చారు కూడా. అయినా కొత్తవారికి దానంత మంచి గురువు లేదు. కణుపు కిందికి కోసి నీటిలో పెడితే కొద్దిరోజుల్లోనే వేరు వస్తుంది కనుక, ఒక తీగ పోయినా మరొకటి సిద్ధంగా ఉంటుంది. రెండో మొక్కగా పీస్ లిల్లీని చెబుతాను. దాహం వేస్తే ఆకులన్నీ ఒక్కసారిగా వాల్చేస్తుంది, నీరు పోస్తే కొన్ని గంటల్లో నిలబడుతుంది. మట్టి ఆరడం అంటే ఏమిటో కంటితో నేర్పే మొక్క అది.

తరచూ ఊళ్ళు తిరిగేవారికి తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన జెడ్ జెడ్, పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన స్నేక్ ప్లాంట్ నప్పుతాయి. జెడ్ జెడ్ మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపల్లో నీరు దాచుకుంటుంది, మూడు వారాలు నీరు పోయకపోయినా చలించదు. ఇవి రెండూ చీకటి గదిలో కూడా పెరుగుతాయని నర్సరీలో చెప్పారు. పెరగవు, చావకుండా ఉంటాయి, అంతవరకే. కొత్త ఆకు చూడాలంటే, పగటిపూట దీపం వేయకుండా దినపత్రిక హాయిగా చదువుకోగలిగేంత వెలుతురు ఉన్న చోటు ఏ మొక్కకైనా కావాలి. తూర్పు కిటికీ పక్కన, ఉత్తరపు వసారాలో ఆ వెలుతురు దొరుకుతుంది. పడమటి కిటికీలో వేసవి సాయంత్రపు ఎండ మాత్రం ఆకును కమలబెడుతుంది. షేడ్‌నెట్ కింది నుంచి ఇంట్లోకి వచ్చిన మొక్క మొదటి కొన్ని వారాల్లో అడుగు ఆకులు రెండు మూడు పండిపోయి రాలుస్తుంది. అది కొత్త వెలుతురుకు సర్దుకోవడం మాత్రమే. ఆ కంగారులో ఎరువు వేయకూడదు. కొత్త చిగురు వచ్చాక, రైతులు వాడే 19:19:19 పొడిని లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కలిపి నెలకోసారి పోస్తే చాలు. ఆ పొడి ఎరువుల దుకాణంలో నర్సరీలో అమ్మే ఎరువు సీసా ధరలో ఎన్నో వంతుకే దొరుకుతుంది.

నర్సరీలో చెప్పే మరో మాట, ‘ఇది ఆక్సిజన్ మొక్కండి, గదిలో గాలి శుభ్రం చేస్తుంది’ అన్నది. దీనికి మూలం 1989లో నాసా సంస్థ మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాలు. కిటికీలు, తలుపులు ఉన్న మామూలు ఇంట్లో, గాలి మారడం వల్ల జరిగే శుభ్రతతో సమానం కావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, కొన్ని లెక్కల్లో వందల మొక్కలు కావాలని 2019లో వెలువడిన సమీక్షా పరిశోధన తేల్చింది. కాబట్టి గాలి కోసమని అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు, కిటికీ తెరుచుకుంటే చాలు.

వారు చెప్పని మాట ఒకటుంది, అది చెప్పి తీరవలసినది. మాన్‌స్టెరా, మనీప్లాంట్, అగ్లోనిమా, పీస్ లిల్లీ, సింగోనియం, జెడ్ జెడ్ అన్నీ చేమ, కంద పుట్టిన కుటుంబానివే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెప్పుకునే మనకు ఆ దురద ఎలా ఉంటుందో తెలుసు. దానికి కారణమైన సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే ఈ అందమైన ఆకుల్లోనూ ఉన్నాయి. పాకే వయసు పిల్లలు నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. కుక్కలకూ పిల్లులకూ అంతే. పసిపిల్లలున్న ఇంట్లో వీటిని అందని ఎత్తులో పెట్టాలి, కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోవాలి. ఇల్లంతా పాకే బిడ్డను చంకనెత్తుకుని వచ్చినవారికి సైతం ఈ ముక్క చెప్పకుండా మొక్క కట్టి ఇవ్వడం ఈ నర్సరీలో నాకు అన్నిటికంటే నచ్చని విషయం.

పురుగుల విషయంలో కొనేవారే జాగ్రత్తపడాలి. ఆకును తిప్పి అడుగుభాగం, ఆకు కాడ కాండంతో కలిసే సందు చూడాలి. దూదిపింజల్లా పిండినల్లి, సాలెగూడులాంటి సన్నని బూజుతో ఎర్రనల్లి అక్కడే దాగి ఉంటాయి. కొబ్బరి తోటలున్నవారికి సర్పిలాకార తెల్లదోమ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆకు అడుగున తెల్లటి మైనపు సుడులు పెట్టే ఆ దోమ అలంకరణ మొక్కల మీద కూడా బతుకుతుంది, నర్సరీ మొక్కతో పాటు ఊరు దాటి వస్తుంది. నేను తెచ్చిన మొక్కలన్నిటినీ మొదటి రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచి, లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకు రెండు వైపులా తుడుస్తాను. ఒక సింగోనియం మీద తప్ప పిండినల్లి కనిపించలేదంటే ఆ మేరకు నర్సరీని మెచ్చుకోవాలి.

ధరల్లో ఫిర్యాదు లేదు. నేను కొన్నప్పుడు నల్ల కవరులోని మనీప్లాంట్ 30 రూపాయలు, స్నేక్ ప్లాంట్ 120, నాలుగు ఆకుల మాన్‌స్టెరా 350 తీసుకున్నారు. బేరం కొంత ఉంది; నాలుగైదు మొక్కలు కలిపి తీసుకుంటే వారే తగ్గిస్తారు. మాన్‌స్టెరాకు కొబ్బరి పీచు చుట్టిన కర్రను కూడా కొనమన్నారు, అది మంచి సలహాయే, కాని చుట్టు వదులుగా ఉన్న కర్రలే ఎక్కువ. గట్టిగా బిగించినదాన్ని ఏరుకోవాలి, లేకపోతే వాన కాలంలో పీచు జారిపోతుంది.

మొక్కలను కట్టి ఇచ్చే పని బాగా చేస్తారు. ఆకులను పైకి చేర్చి పాత దినపత్రికతో గొట్టంలా చుట్టి, కవరు అడుగున తడి గోనెముక్క పెట్టి ఇస్తారు. మోటారు సైకిల్ మీద రహదారి గాలికి మాన్‌స్టెరా ఆకు చీలకుండా అమలాపురం చేరిందంటే ఆ చుట్టడం వల్లే. బస్సులో వెళ్ళేవారు కిటికీ పక్కన కాక కాళ్ళ దగ్గర పెట్టుకోవడం మంచిది. దూరపు ఊళ్ళకు ట్రాన్స్‌పోర్టులో పంపుతారు, కాని ఒకటి రెండు మొక్కలకు ఆ ఏర్పాటు పెద్దగా పట్టించుకోరు. వారి చూపంతా లారీ లోడు మీద ఉంటుంది.

వెళ్ళడానికి మంచి సమయం వానలు వెనకపట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. అయితే సంక్రాంతి ముందు రోజుల్లో చామంతి, బంతి కొనేవారితో నర్సరీ కిటకిటలాడుతుంది, అప్పుడు ప్రశ్న అడిగినా జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. పని దినాల్లో ఉదయం పూట వెళితే మళ్ళలో నీరు పెట్టేవారు అక్కడే ఉంటారు, కావలసిన సంగతులన్నీ వారి దగ్గర తెలుసుకోవచ్చు. మే నెలలో మాత్రం కొనకపోవడమే మంచిది: నలభై డిగ్రీల ఎండలో దారిలోనే ఆకు వాడిపోతుంది, కుండీ మార్చడానికి కూడా అది అదను కాదు. కొన్న మొక్కకు కుండీ మార్చి ఇమ్మంటే అక్కడే కొద్ది రుసుముకు మార్చి ఇస్తారు, పనితనం బాగుంది, వేరు తెగదు. మిశ్రమం మాత్రం మన ఇంటి నుంచి సంచిలో తీసుకువెళ్ళి, ‘ఇదే వేయండి’ అని పక్కన నిలబడి చెప్పాలి. లేకపోతే అలవాటు కొద్దీ ఎర్రమట్టి వేసేస్తారు.